పాల బిళ్ళ

ఆ బిళ్ళకి డబ్బా మీద ఒక పేరుంటుంది, మా కౌంటర్ దగ్గర ఇంకో పేరు. డబ్బా మీది పేరు పలకాలంటే నోరు తిరగదు. అసలది వాంతులకి, కడుపుబ్బరానికి వేసుకునేది. అది వేసుకుంటే బాలింతలకి పాలు పడతాయని ఎవరు ఎప్పుడు కనిపెట్టారో గానీ, ఆ సంగతి మా వీధంతా పాకింది. "మందులక్కా, పాల బిళ్ళలున్నాయా?" అని కాస్త గొంతు తగ్గించి అడిగేవాళ్ళు ఆడవాళ్ళు. నేను రెండో సొరుగు లాగి, ఒక స్ట్రిప్పు ముక్క కత్తిరించి, కాగితం కవర్లో వేసి ఇచ్చేదాన్ని. డాక్టరు చీటీ అడిగేదాన్ని కాదు.

మందులక్క అంటే నేనే. మా ఆయన పోయాక ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. లైసెన్సు మా ఫార్మసిస్టు గారిది, నోరు మాత్రం నాది. ఏ డాక్టరు ఎంత కోడిగీతలు గీసినా ఇట్టే చదివేస్తానని నాకు గొప్ప. "ఈ బిళ్ళ ఆ బిళ్ళతో కలిపి వేసుకోకు, కడుపులో మంట పుడుతుంది" అని దారినపోయేవాళ్ళని కూడా ఆపి చెప్పేదాన్ని. డబ్బా కొట్టుకుంటున్నానని కాదు, అప్పట్లో నా సంగతి అలా ఉండేది.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. మొదటి వాన పడ్డ వారానికే నా కోడలికి ఆడపిల్ల పుట్టింది. బరువు రెండు కిలోల మీద కాస్త మొగ్గు, అంతే. మావాడు పిల్లని చేతుల్లోకి తీసుకుని, "అమ్మా, ఇది గుప్పెడే ఉందే!" అన్నాడు. ఇక ఆ పిల్ల గుప్పెడు అయిపోయింది.

మావాడు లిఫ్టులు రిపేరు చేస్తాడు. కళ్ళజోడు చేయించుకోవడానికి వెళ్ళి పెళ్ళాన్ని చూసుకుని వచ్చాడు. వాడి చూపు అక్కడ బాగుపడిందో, ఉన్నది కూడా పోయిందో అని నేను మూడేళ్ళుగా ఎద్దేవా చేస్తూనే ఉన్నాను. కోడలు ఆ షాపులోనే అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుందట. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేనట్టుంటుంది. నేను పది మాటలంటే ఆమె ఒక "ఊఁ" అంటుంది. అది వింటే నాకు ఒళ్ళు మంట. అన్నం వండితే పలుకైంది, ఇల్లు ఊడిస్తే మూల మిగిలింది, ఏం చేసినా నా కళ్ళకి ఏదో ఒక వంక కనిపించాల్సిందే.

కోడలి పుట్టింట్లో మంచం పట్టిన మనిషి ఉంది, ఆ మనిషిని వదిలి వాళ్ళమ్మ కదలడానికి లేదు. అందుకని తల్లీపిల్లల్ని చూసుకోవడం నా వంతయింది. మా ఇల్లు షాపు మీదే, పదహారు మెట్లు. పైన పిల్ల కేర్‌మంటే కింద నాకు వినిపిస్తుంది. ముందు గదిలో అడ్డంగా తాళ్ళు కట్టి గుడ్డలు ఆరేసేవాళ్ళం. ఆ ముసురుకి ఆరితేగా! ఫ్యాను కింద కుర్చీల మీద కూడా పరిచేవాళ్ళం. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చోటుండేది కాదు.

గుప్పెడు ఊరికే ఏడ్చేది. పది నిమిషాలు తాగేది, వదిలేసేది, అరగంట తిరక్కుండా మళ్ళీ గుక్కపట్టేది. మూడోవారం నేను షాపులోంచి పాలు పిండే పంపు ఒకటి పైకి తెచ్చాను.

"ఎన్ని పడుతున్నాయో చూద్దాం" అన్నాను.

కోడలు గోడవైపు తిరిగి కూర్చుని పావుగంట పిండింది. సీసా తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో చూశాను. ముప్ఫై గీత దగ్గర ఆగింది.

"ఇంతేనా?" అన్నాను.

కోడలు పమిట సర్దుకుని పిల్లని ఎత్తుకుంది.

ఆ "ఇంతేనా" నాకు బాగా తెలిసిన మాట. ముప్ఫై నాలుగేళ్ళ కిందట మా అత్తగారు నన్ను అన్నారు. నాకు పాలు పడలేదు. మావాడు డబ్బా పాలతో పెరిగాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ ఆవిడ, "దీనికి ఉన్నదంతా నోట్లోనే, ఒంట్లో ఏమీ లేదు" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. పిల్లాడికి సీసా పట్టేటప్పుడు మాత్రం తలుపు గడియ పెట్టుకునేదాన్ని. నా కోడలికి ఆ గతి పట్టకూడదని నేను నిజంగానే అనుకున్నాను. మంచే కోరాను. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం మా అత్తగారి మాటే.

వెంటనే కిందికి దిగి రెండో సొరుగు లాగాను. ఫార్మసిస్టు గారు అప్పుడు భోజనానికి వెళ్ళారు. పుస్తకంలో రాయలేదు. ఇంట్లో మనిషికి ఇచ్చేదానికి రాతలేంటి అనుకున్నాను.

"ఇదిగో, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. తిండికి ముందు" అని కోడలి చేతిలో పెట్టాను.

ఆమె ఆ స్ట్రిప్పు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. కత్తిరించిన ముక్క కదా, పేరు సగమే ఉంది. "ఏం మందు అత్తయ్యా?"

"మందేంటే తల్లీ! మందూ కాదు, మాకూ కాదు. పాల బిళ్ళ. ఈ వీధిలో సగం మంది పిల్లలు దీంతోనే పెరిగారు."

"డాక్టరు గారిని ఒకసారి అడగనా?"

"ఆ డాక్టరుకి అనుమానం వస్తే నాకే ఫోన్ చేస్తాడు. వేసుకో, చెప్తున్నాగా!"

వేసుకుంది. ఆరోరోజుకి సీసాలో పాలు అరవై గీత దాటాయి. పదో రోజుకి ఎనభై. నాకు పట్టపగ్గాలు లేవు. సీసా పట్టుకుని గదిలో చిందులు తొక్కినంత పనిచేశాను. "శభాష్! నా కోడలంటే ఇలా ఉండాలి!" అని దాని బుగ్గ పుణికాను. కిందికెళ్ళి కౌంటర్ దగ్గర వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. దగ్గు మందు కోసం వచ్చిన ముసలాయనకి కూడా చెప్పాను. "మా అమ్మాయి ఎంత ఓపికమంతురాలో, ఆ పిల్లని ఎలా చూసుకుంటోందో!" అన్నాను. ఆయన పాపం దగ్గుకుంటూ తలూపాడు.

బాగా పనిచేస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా? ఒకటి వేసుకునేచోట రెండు వేసుకోమన్నాను. మూడు పూటలు కాస్తా నాలుగు చేశాను. కోడలు అలాగే వేసుకుంది. పంపు సీసా నిండేది. గుప్పెడుకి బుగ్గలొచ్చాయి.

ఒకరోజు కోడలు కింద నుంచి నీళ్ళ డబ్బా తీసుకుని మెట్లెక్కి వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదత్తయ్యా. కొంచెం దడగా ఉంది."

"నిద్ర లేకపోతే దడ రాదూ మరి! టీ తగ్గించు. రోజుకి నాలుగు కప్పులు లాగిస్తున్నావు."

మర్నాటి నుంచి టీ మానేసింది. మళ్ళీ దడ మాట ఎత్తలేదు. తగ్గిపోయింది కాబోలనుకున్నాను.

ఏడోవారం ఇంకో బాధ మొదలైంది. పిల్ల నోరు పెడితే చాలు, నిప్పు పెట్టినట్టుందని కోడలు కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. చూస్తే పిల్ల నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పేరుకుని ఉంది. వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి గొడుగేసుకుని కోడలు ఒక్కతే వెళ్ళి వచ్చింది. అది ఫంగస్ అనీ, తల్లీపిల్లలు ఒకరికొకరు అంటించుకుంటున్నారనీ చెప్పి, పిల్లకి నోట్లో రాసే మందు, తల్లికి కాప్సూళ్ళు రాసిందట ఆవిడ. చీటీ తీసుకుని కోడలు నేరుగా మా షాపుకే వచ్చింది. ఇంకెక్కడికి పోతుంది?

ఫార్మసిస్టు గారు చీటీ చదివారు. ఆయన నెమ్మదస్తుడు, నలభై ఏళ్ళ సర్వీసులో ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. కళ్ళజోడు పైనుంచి నావైపు చూశారు.

"అక్కగారూ, అమ్మాయి వేరే మందులేమైనా వాడుతోందా?"

నేను స్టూలెక్కి పై అరలో సిరప్పు డబ్బాలు సర్దుతున్నాను. "ఏమీ లేదండీ. నిక్షేపంలా ఉంది. పాలు కూడా బ్రహ్మాండంగా పడుతున్నాయి" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

ఆయన కాప్సూళ్ళు ఇచ్చేశారు. అబద్ధం చెప్పానా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగి చూసుకున్నానో. చెప్పలేదు. ఆ సంగతి నా బుర్రలోకే రాలేదు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది, కనీసం లోపల ఒక మూల అయినా గుచ్చుకునేది.

కాప్సూళ్ళు మొదలుపెట్టిన మూడోరోజు, పొద్దున పదిన్నరకి, పైన ధన్‌మని చప్పుడైంది. నేను కౌంటర్ దగ్గర ఉన్నాను. బకెట్ తన్నుకుందేమో అనుకున్నాను. "కాస్త చూసుకోవే! పిల్ల లేస్తుంది!" అని కిందనుంచే కేకేశాను.

"ఊఁ" అని వినిపించలేదు. ఎప్పుడూ నాకు చిరాకు తెప్పించే ఆ "ఊఁ" కోసం ఒక్క నిమిషం ఆగాను. తర్వాత ఆ పదహారు మెట్లూ ఎలా ఎక్కానో నాకు తెలీదు.

కోడలు గుడ్డలారేసే తాడు కింద నేలమీద పడి ఉంది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి గానీ చూపు లేదు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "అమ్మాయ్! అమ్మాయ్!" అని చెంపలు తట్టాను. ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎంతసేపో చెప్పలేను, అరనిమిషమో, నిమిషమో. ఆఖరికి గుండెల నిండా ఊపిరి పీల్చి నావైపు చూసింది.

"పిల్ల లేచిందా అత్తయ్యా?" అంది.

ఫార్మసిస్టు గారు షాపు షట్టర్ దించి, బండి ఆపి తెచ్చారు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, కోడలి తల భుజానికి ఆనించుకుని ఆస్పత్రికి వెళ్ళాను. దారిపొడుగునా ఆయన ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు.

ఎమర్జెన్సీలో డాక్టరు మావాడికంటే చిన్నపిల్ల. కోడలి ఛాతీ మీద వైర్లు పెట్టారు, మిషను లోంచి గీతల కాగితం బయటికొచ్చింది. ఆ పిల్ల ఆ కాగితం చూస్తూ, రాసుకుంటూ, నన్ను అడుగుతోంది.

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా?"

"ఫంగస్‌కి కాప్సూళ్ళండీ. మూడురోజులుగా."

"ఇంకా?"

"ఇంకేం లేవండీ" అన్నాను. ఊరుకుంటే సరిపోయేది, నా నోరు ఊరుకుంటుందా? "పాల బిళ్ళ ఒక్కటే. అది మందు కాదనుకోండి."

రాస్తున్న చెయ్యి ఆగింది. "పాల బిళ్ళంటే?"

డబ్బా మీది పేరు చెప్పాను. నోరు తిరగదనుకునే ఆ పేరు ఆ రోజు ఒక్క అక్షరం తడబడకుండా వచ్చింది.

"ఎన్ని వేసుకుంటారు?"

"ఎనిమిది."

"వారానికా?"

"రోజుకి."

డాక్టరు పెన్ను పక్కన పెట్టింది. నర్సుని పిలిచి ఏదో చెప్పింది, కోడలి మంచాన్ని అప్పటికప్పుడు తెరల మీద అంకెలు కదిలే మిషన్లున్న గదిలోకి తోసుకెళ్ళారు. ఆ డాక్టరు పిల్ల నన్ను తిట్టలేదు. గీతల కాగితం నా ముందు పెట్టి, వేలితో చూపించింది.

"ఇక్కణ్ణించి ఇక్కడికి ఇంత దూరం ఉండకూడదమ్మా. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య గుండె మళ్ళీ సిద్ధమవడానికి ఆలస్యమవుతోంది. ఆ బిళ్ళ ఎక్కువైతే కొందరికి ఇలా జరుగుతుంది. పైగా ఈ కాప్సూలు ఉందే, అది ఆ బిళ్ళని ఒంట్లోంచి బయటికి పోనివ్వదు, పేరుకుపోతుంది. అది చాలదన్నట్టు ఇది కూడా గుండె మీద అలాగే పనిచేస్తుంది. కాప్సూళ్ళు రాసిన డాక్టరుకి ఈ బిళ్ళ సంగతి చెప్పలేదా?"

లోపల్నుంచి కోడలి గొంతు వినిపించింది. నెమ్మదిగా అంది. "ఆవిడ అడిగారండీ. నేనే లేవన్నాను. మందు కాదు కదా అని."

నామీద నెపం పెడుతున్నట్టు అనలేదు. తను పొరపాటు చేసినట్టే అంది. నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

డాక్టరు మంచం దగ్గరికి వెళ్ళింది. "గుండె ఇలా ఉండటం కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది. మీ వైపు చుట్టాల్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయారా?"

"మా పిన్ని" అంది కోడలు. "ఇరవై ఆరేళ్ళు. స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయింది. ఎందుకో ఎవరికీ తెలీలేదు."

మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆ పిల్లకి ఒక పిన్ని ఉండేదని నాకు తెలీదు. కౌంటర్ దగ్గర ముక్కూమొహం తెలీనివాళ్ళని "మీ ఇంట్లో సుగరుందా, బీపీ ఉందా" అని అడిగే మనిషిని, ఇంట్లో పిల్లని ఒక్క మాట అడగలేదు.

మావాడు చేతులకి గ్రీజుతోనే పరుగెత్తుకొచ్చాడు. డాక్టరుతో మాట్లాడి నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్విచ్చావా అమ్మా?"

"నేనే ఇచ్చాను."

తలూపాడు. వెళ్ళి పెళ్ళాం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత రెండురోజులు నాతో మాట్లాడలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి ఏడ్చేదాన్ని.

బిళ్ళలు, కాప్సూళ్ళు రెండూ ఆపేశారు. మందు ఒంట్లోంచి దిగిపోయి గీతలు మామూలయ్యేదాకా అక్కడే ఉండాలన్నారు. అప్పటిదాకా గుండె ఏ క్షణాన లయ తప్పుతుందో చెప్పలేమని డాక్టరు నిజమే చెప్పింది. మర్నాడు పొద్దున గుడ్డలు తీసుకోవడానికి ఇంటికి వచ్చాను. షాపు తెరిచి ఉంది. ఫార్మసిస్టు గారు రెండో సొరుగు మొత్తం ఊడదీసి కౌంటర్ మీద బోర్లించారు.

"మేడమ్, కూర్చోండి" అన్నారు.

ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను మేడమ్ అనడం అదే మొదటిసారి.

"నేను మిమ్మల్ని అడిగానా లేదా?"

"అడిగారండీ."

"మీరేమన్నారు?"

"ఏమీ లేదన్నాను."

"ఆ ఒక్క ముక్క మీరు చెప్పుంటే ఆ కాప్సూలు నా చెయ్యి దాటేది కాదు. నలభై ఏళ్ళ నుంచి నేను చేస్తున్నది ఆ ఒక్క పని కోసమే." "ఇంకా ఎంతమందికి ఇచ్చారు?"

ఆయన కాగితం పెట్టుకుని కూర్చుంటే నేను గుర్తు తెచ్చుకుంటూ చెప్పాను. పందొమ్మిది మంది గుర్తొచ్చారు. మిగతావాళ్ళవి మొహాలే గుర్తొచ్చాయి, ఇల్లెక్కడో తెలీదు. తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాను. ఇద్దరు ఇంకా వేసుకుంటున్నారు. ఒక్కసారిగా మానేస్తే కొందరికి దిగులు పట్టుకుని నిద్ర పట్టదనీ, డాక్టరుకి చూపించి ఆయన చెప్పినట్టు తగ్గించుకోమనీ ఫార్మసిస్టు గారే వాళ్ళతో మాట్లాడారు. అందరూ బాగానే ఉన్నారు. ఒకామె, "మీ చలవే అక్కా, మా బాబు బొద్దుగా ఉన్నాడు" అంది. ఫోను పెట్టేసి ఏడ్చాను.

ఆస్పత్రిలో బాలింతలకి పాలివ్వడం నేర్పే నర్సు ఒకామె ఉంది. భారీ మనిషి, మాట ఇంకా భారీ. మూడోరోజు వచ్చి, కోడలు పిల్లకి పాలివ్వడం కాసేపు చూసింది.

"పాలు తక్కువని ఎవరు చెప్పారు?" అంది.

కోడలు నావైపు చూడలేదు. మావాడు చూశాడు.

"పంపుతో పిండితే ముప్ఫై గీత దాకే వచ్చాయి" అన్నాను.

"పంపు వేరు, పిల్ల వేరు పెద్దమ్మా. పిల్ల లాగినన్ని పంపు లాగలేదు. రోజుకి ఎన్ని గుడ్డలు తడిపేది?"

గుడ్డలు ఉతికింది నేనే కదా. "ఏడెనిమిది. బిళ్ళలు ఇవ్వకముందు కూడా అన్నే."

"బరువు పెరిగిందా?"

"పెరిగింది."

"మరి పాలు చాలకపోతే ఆ గుడ్డలు దేంతో తడిపిందంటారు, వానతోనా?"

మావాడికి నవ్వొచ్చింది. ఏడుపు మొహంతోనే నవ్వాడు. పాలు ముందునుంచీ ఉన్నాయి. నర్సు పిల్ల తల కింద చెయ్యి పెట్టి, గడ్డం రొమ్ముకి ఆనేలా దగ్గరికి జరిపి, నోరు బాగా తెరిచాక ఒక్కసారిగా పట్టించింది. గుప్పెడు గుటకలు వేయడం గదిలో అందరికీ వినిపించింది. అంతే పని. ఆ పట్టుకునే తీరు చూపించే మనిషి ఒకరుంటే చాలని, సొరుగు లాగడం తప్ప ఇంకేం తెలీని నాకు ఎలా తోస్తుంది?

"బిళ్ళ ఆపారు కాబట్టి కొన్నాళ్ళు తగ్గుతాయి" అంది నర్సు. "చాలకపోతే డబ్బా పాలు కలపండి. కొంపలేం మునగవు."

నాలుగోరోజుకి నిజంగానే తగ్గాయి. మధ్యాహ్నం మావాడు స్నానానికి ఇంటికి వెళ్ళాడు. బయట జోరున వాన. గుప్పెడుకి నేనే సీసాతో పాలు పట్టాను. అది సగం తాగి నా ఒళ్ళోనే నిద్రపోయింది. కోడలు అటు తిరిగి పడుకుని ఉంది, కానీ మేలుకునే ఉందని నాకు తెలుసు.

"అమ్మాయ్" అన్నాను. "నామీద కోపముంటే అనెయ్యి. నాలుగు తిట్టు. లోపల పెట్టుకోకు."

ఆమె వైర్లు సర్దుకుంటూ ఇటు తిరిగింది.

"నేనే మీకు ఒకటి చెప్పలేదత్తయ్యా."

"ఏంటది?"

"దడ తగ్గలేదు. టీ మానేశాక కూడా ఉంది. రెండుసార్లు కళ్ళు చీకట్లు కమ్మాయి. ఒకసారి పిల్ల చేతుల్లో ఉంది. వెంటనే కింద కూర్చుండిపోయాను."

"ఎందుకు చెప్పలేదే!"

"చెబితే మీరు బిళ్ళలు ఆపేస్తారని."

"ఆపనా మరి! నీకంటే ఎక్కువా ఆ పాలు?"

ఆమె పిల్లవైపు చూస్తూ చెప్పింది. ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"పాలు పెరిగాక మీరు కిందికెళ్ళి అందరికీ నా గురించి చెప్పేవారు. మా అమ్మాయి ఓపికమంతురాలు, మా అమ్మాయి ఇలాంటిది, అలాంటిది అని. పిల్ల పడుకున్నాక నేను మెట్లమీద కూర్చుని వినేదాన్ని అత్తయ్యా. రోజూ వినేదాన్ని. అంతకుముందు మీరెప్పుడూ నన్ను ఒక మంచిమాట అనలేదు కదా. ఆగిపోతుందేమోనని..."

అక్కడ ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది.

నేను పోసిన మంచిమాట ఆ పిల్ల ప్రాణం పెట్టి తాగింది. బిళ్ళ సంగతి డాక్టరు కాగితం మీద గీతలు చూపించి చెప్పగలిగింది. ఇది ఏ కాగితం మీదా రాదు.

పిల్లని నెమ్మదిగా పక్కమీద పడుకోబెట్టి, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

"పాలు పోతే పోనీ" అన్నాను.

ఆమె నావైపు చూసింది. "పూర్తిగా పోతే?"

"పోతే పోనీ అన్నానుగా! సీసా నేను పడతాను. నాకు అలవాటే." ఇంకో మాట కూడా అన్నాను. "పాలున్నా లేకపోయినా నువ్వు మంచిదానివే. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. నా నోటికే తెలీలేదు."

"ఊఁ" అంది.

కాసేపటికి నిద్రపోయింది. పక్కన తెర మీద ఆమె గుండె అంకెలు పచ్చగా కనిపిస్తూనే ఉన్నాయి. అయినా నేను ఆమె మణికట్టు పట్టుకుని, వేళ్ళకింద నాడి అందేదాకా వెతికి, లోపల్లోపల లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. లెక్క తప్పినప్పుడల్లా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.